రెండో దారి లేని ద్వీపం

మా ఆయనకు కారు నడపడం రాదు. నాకూ రాదు. ఇందులో దాచిపెట్టిందేమీ లేదు, పెళ్ళయిన నాటి నుంచి గోదావరిఖనిలో అందరికీ తెలిసిన సంగతే. కానీ నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ కలిపి కొన్ని వారాలు తిరిగొద్దామని మేం అనుకున్నట్టు బయటపడిన రోజు నుంచి, కారు రాకపోవడమన్నది మాకు కొత్తగా పట్టుకున్న జబ్బయినట్టు వీధిలో వాళ్ళంతా పరామర్శకు రావడం మొదలుపెట్టారు.

మొదట వచ్చింది పక్కింటి అన్న. పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మట్టి మోసే డంపర్ నడిపి రిటైరయ్యాడు. నన్ను చెల్లె అంటాడు కాబట్టి మా ఆయన అతనికి బావ. నాకేమో మా ఆయన సొంత మేనబావ. అందుకని మా వాకిట్లో ఎవరు "బావా" అని పిలిచినా పలకాల్సింది ఒక్కడే.

"కారు లేకుంట ఆ దేశాలేం తిరుగుతవ్ బావా? నన్ను తోల్కపో. నా డంపర్ టైరు నీ తల కన్న ఎత్తుండె. కారు నాకొక లెక్కనా?" అన్నాడు అన్న.

"నువ్వు ఇన్నేండ్లు మట్టి నింపుకొని పోయినవ్, కుమ్మరించి వచ్చినవ్. మమ్మల్ని గూడ ఏడనో కుమ్మరించి వస్తవ్" అన్నాడు మా ఆయన.

అన్న ఏమీ అనుకోలేదు. చాయ్ తాగి వెళ్ళి, మర్నాడు మళ్ళీ వచ్చి అదే మాట అడిగాడు.

అసలు ఈ ప్రయాణం మాట ఎత్తింది నేను. బడిలో సోషల్ చెప్పేదాన్ని. యూరప్ పటం బోర్డు మీద వేసినప్పుడల్లా నార్వే అంచు దగ్గర సుద్దముక్క ఆగిపోయేది. ఎలుకలు కొరికిన చీర అంచులా ఉంటుంది ఆ తీరం. దాని పక్కన లెక్కలేనన్ని చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో ద్వీపం. ఏదో ఒక రోజు వాటిలో ఒక్క చుక్క మీదైనా నిలబడాలని ప్రతి ఏడూ అనుకునేదాన్ని. పైకి అనలేదు. ఊళ్ళో టీచర్లంతా సెలవుల్లో తిరుపతి, షిరిడీ పోతుంటే నేను నార్వే పోతానంటే స్టాఫ్‌రూంలో బతకనిచ్చేవాళ్ళు కాదు.

నేను రిటైరయ్యాక మా ఆయన తనంతట తనే అడిగాడు, "ఏడికి పోదాం చెప్పు, టీచరమ్మా" అని. కాశీ అంటానని ఆయన ధీమా.

"నార్వే" అన్నాను.

"గదెక్కడుంది?"

"పైన. చానా పైన."

"పైకి పోవుడుకు అంత జల్ది ఏమొచ్చింది?" అన్నాడు.

అయినా ఒప్పుకున్నాడు. మంచిర్యాలలో ఒకాయన ప్యాకేజీ టూరు కాగితం చేతిలో పెట్టి, పొద్దున ఇడ్లీ, రాత్రి పప్పన్నం, బస్సు దిగే పనే లేదని ఊరించాడు. మా ఆయన ఆ కాగితాన్ని మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చేశాడు. "అండ్ల సర్దారెవడో మనకెరుక లేదు" అన్నాడు బయటికొచ్చాక.

సర్దారు సంగతి చెప్పాలి. భూమి కిందికి దిగే గనిని మా దగ్గర బాయి అంటారు. మా ఆయన అందులో సర్దారుగా చేశాడు. పెద్ద హోదా ఏం కాదు గానీ, షిఫ్టు మొదట్లో అందరికంటే ముందు లోపలికి పోయి, కర్రతో కప్పు తట్టి, ఆ చప్పుడు విని, ఇక్కడ పని చెయ్యొచ్చు, అక్కడ వద్దు అని చెప్పే మనిషి. ఆ ఉద్యోగాన్ని ఈయన వదిలాడు గానీ, అది ఈయన్ని వదల్లేదు. బాయిలో ఒక కట్టడి ఉంది. మనుషులు దిగిన చోటి నుంచి బయటపడే దారులు రెండుండాలి. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి. మా ఆయన దీన్ని పెళ్ళిళ్ళకూ సినిమాలకూ కూడా అమలు చేస్తాడు. ఫంక్షన్ హాల్లో అందరూ అక్షింతలు పట్టుకుని స్టేజీ వైపు పోతుంటే ఈయన వంటవాళ్ళ వైపు పోతాడు. చూసినవాళ్ళు పాపం ఆకలి మీదున్నాడనుకుంటారు. వెనక తలుపుకు గ్యాసు సిలిండర్లు అడ్డం పెట్టలేదని చూసుకున్నాకే వచ్చి పిల్లనీ పిలగాడినీ దీవిస్తాడు. సినిమాహాల్లో రెండో గేటు తాళం తీసి ఉందో లేదో చూసొచ్చేసరికి హీరోకు సగం కష్టాలు తీరిపోయి ఉంటాయి.

అలాంటి మనిషి చేతికి నాలుగు దేశాలు దొరికాయి.

పాత క్యాలెండర్ వెనక తెల్లటి వైపు గోడకు కొట్టి, దాని మీద పెన్సిలుతో పటం గీశాడు. స్వీడన్‌నూ ఫిన్లాండ్‌నూ కాదు, అచ్చంగా ఒక బాయి నక్షాను గీశాడు. డెన్మార్కేమో దిగే చోటు. స్టాక్‌హోమ్ నుంచి ఓడ ఎక్కి రాత్రికి రాత్రి ఫిన్లాండ్ చేరడం పెద్ద సొరంగం. అక్కడి నుంచి ఉత్తరాన రైలు, సరిహద్దు దాటడానికి బస్సు, మళ్ళీ రైలెక్కి నార్విక్, నార్విక్ నుంచి బస్సులో బోడో అనే రేవు పట్నం, ఆ తర్వాత దక్షిణానికి దిగే పొడుగు రైలు. ప్రతి దారి పక్కనా ఇంకో రంగులో రెండో దారి. నేను ఫోన్లో రైళ్ళ వేళలు చూసి చెబుతుంటే ఆయన గీతలు గీసేవాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయినప్పుడు కిటికీలు దడదడలాడితే పెన్సిల్ ఎత్తి ఆగి, మళ్ళీ గీసేవాడు.

"నార్విక్ నుంచి ఆ బస్సు తప్పితే?" అడిగాడు ఒకసారి.

"ఇంకో బస్సుంది, తర్వాత."

"అది రెండో తొవ్వ కాదు. అదే తొవ్వ మళ్ళొకసారి" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన నేను బుద్ధిగా ఫోన్లో మళ్ళీ వెతకడం మొదలుపెట్టాను.

జూన్‌లో అక్కడ పొద్దు కుంకదని చెప్పిన రోజు మాత్రం ఆయన నిజంగా ఇబ్బంది పడ్డాడు. ఈయన రోజును మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు అని తప్ప ఇంకో రకంగా కొలవడు. "మరి నైట్ షిఫ్టు ఎప్పుడయిందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. గడియారం చూసుకొమ్మన్నాను. "గడియారం తప్పు నడిస్తే?" అన్నాడు. పక్కింటి అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "రెండో గడియారం పెట్టుకో బావా" అన్నాడు. మా ఆయన తల ఊపి, ఆ ఆదివారమే రెండో గడియారం కొన్నాడు.

ఆ తర్వాత వచ్చింది ట్రయల్. సామాన్లతో, సొంత బండి లేకుండా, దిగుతూ ఎక్కుతూ తిరగగలమా లేదా తేల్చుకోవాలన్నాడు. సూట్‌కేసుల్లో బట్టలకు బదులు బియ్యం, సకినాల డబ్బాలు, మామిడి తొక్కు సీసాలు నింపాడు. బరువు ముఖ్యమట. బస్సెక్కి గోదావరి బ్రిడ్జి దాటి సగం దారిలో దిగాం. అక్కడి నుంచి షేర్ ఆటోలో దగ్గర్లోనే ఉన్న మా జైపూర్ వెళ్ళాం, ఎందుకంటే మన దగ్గర ఓడ లేదు, షేర్ ఆటోనే ఓడ అనుకోవాలి. జైపూర్ నుంచి బస్సులో మంచిర్యాల, మంచిర్యాల నుంచి రైల్లో రామగుండం రావాలి. బస్టాండులో నాతో పనిచేసిన టీచరమ్మ ఒకామె మా సూట్‌కేసులు చూసి, నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయి, "బావతోటి ఏమన్న లొల్లి అయిందా అక్కా?" అని గుసగుసలాడింది. లేదు, నార్వే ప్రాక్టీసు చేస్తున్నామని మా ఆయన అక్కడి నుంచే అరిచి చెప్పాడు. ఆమె నన్ను ఇంకా జాలిగా చూసింది.

మంచిర్యాలలో రైలు ఆలస్యమైంది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. అంతకాలం ఎదురుచూసిన రెండో దారి వాడుకునే భాగ్యం దక్కింది. రైలు టికెట్లు జేబులో ఉండగానే నన్ను బస్సెక్కించాడు. బస్సు కిటికీలోంచి చూస్తే మా రైలు వస్తూ కనబడింది. ఆయన కూడా చూశాడని నాకు తెలుసు.

ఇంతవరకూ నవ్వులాటే. గొడవ ద్వీపం దగ్గర వచ్చింది.

బోడో రేవు నుంచి మనుషుల్ని మోసే చిన్న పడవలు చుట్టుపక్కల ద్వీపాలకు పోతాయి. అందులో ఒకటి నేను ఫోన్లో ఎప్పుడో చూసి పెట్టుకున్నాను. నాలుగు ఇళ్ళు, రాళ్ళ నిండా పక్షులు, ఉండడానికి ఒక గది. కారుతో పనే లేదు, రోడ్డే లేదు. పొద్దున పడవలో పోతే మర్నాడు అదే పడవ తిరిగి వస్తుంది. అది నా చుక్క. ఓడలూ రైళ్ళూ రాజధానులూ ఆయనకు వదిలేశాను, నాకు కావలసింది ఇదొక్కటే.

"వంతెన ఉన్నదా?" అడిగాడు మా ఆయన.

"లేదు."

"విమానం?"

"లేదు."

"గాలి ఎక్కువైతే పడవ వస్తదా?"

"రాదని రాసిండ్రు."

ఆయన రబ్బరు తీసుకుని, పటం మీద నేను పెట్టిన చుక్కను నెమ్మదిగా చెరిపేశాడు.

"అక్కడ పుట్టి పెరిగినోళ్ళున్నరు బావా. వాళ్ళకు ఒక్కటే తొవ్వ. బతుకుతలేరా?"

"వాళ్ళు నా షిఫ్టు కాదు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. ఆ ద్వీపం లేకపోతే మిగతా దేశాలన్నీ నాకు మంచిర్యాల ట్రయల్‌తో సమానమని చెప్పేశాను. ఒక్క చుక్క అడిగితే ఇవ్వలేనివాడు నాలుగు దేశాలు చూపించడం దేనికని కూడా అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరి మాటలూ అన్నం, కూర, నీళ్ళు దగ్గరే ఆగిపోయాయి. పక్కింటి అన్న వచ్చి పటం వైపు, నా వైపు చూసి, పడవ కూడా నడపగలనని చెప్పబోయి మానుకున్నాడు.

ఒక మధ్యాహ్నం నేను వరండాలో చిక్కుడుకాయలు తుంచుతుంటే మా ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు పో" అన్నాడు.

"ఏడికి?"

"ఆ ద్వీపానికి. నువ్వొక్కదానివి పో. నేను రేవుల ఉంట. లోపలికి పోయిన మనిషి ఎవరో ఎరుకైనోడు బయట ఒకడుంటే, అది గూడ ఒక తొవ్వనే. పడవ రాకపోతే నలుగురిని లేపుత, ఇంకో పడవ తీస్కొస్త."

ఇన్ని రోజులు ఈ మనిషి మాట్లాడకుండా వెతికింది ఇదన్నమాట. నా కోపం సగం అప్పుడే దిగిపోయింది. మిగతా సగం చేతిలో పెట్టుకుని అడిగాను, "తెల్లారేదాక ఏం చేస్తవ్?"

"కూసుంట."

"తెల్లారి గూడ పడవ రాకపోతే?"

ఆయన చిక్కుడుకాయ ఒకటి తీసుకుని తుంచుతూ కూర్చున్నాడు. "నేను డ్యూటీ నుంచి టైముకు రాకపోతే నువ్వేం చేస్తుంటివి?" అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన అడగడం అదే మొదటిసారి.

"ఎసరు పెడుతుంటి" అన్నాను. "షిఫ్టు దిగే సైరన్ మోగినంక ఎసరు పెడుతుంటి. బియ్యం కడిగి పక్కన పెట్టుకుంటుంటి. నీ బండి చప్పుడు మన సందు తిరిగినంకనే బియ్యం ఎసట్ల పోస్తుంటి. నువ్వు రాకముందే అన్నం వండిపెడితే, తినే మనిషి రాడేమోనని భయం. నీళ్ళు ఇంకిపోతే మళ్ళ పోసేదాన్ని. ఇంకిపోతే మళ్ళ పోసేదాన్ని. ఒక్కోరోజు అట్ల ఎన్నిసార్లు పోసిన్నో నాకే ఎరుక లేదు."

ఆయన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"నేనేమో టీచరమ్మకు వంట చేతగాక ఆలస్యమైతుందనుకుంటి" అన్నాడు.

"అనుకుంటే అనుకున్నవ్ గని, పదిమందిల అననే అంటివి గద."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తల దించుకుని గచ్చు మీద కాయల కొసలు ఏరుతూ ఉండిపోయాడు.

"నాతోటి కాదు" అన్నాడు.

"ఏది?"

"రేవుల కూసునుడు. గంత ధైర్యం నాకు లేదు. ఇద్దరం పోదాం. రెండు టికెట్లు తియ్యి."

రోజూ అందరికంటే ముందు చీకట్లోకి దిగిన మనిషి, వెలుతురు పోని ఊళ్ళో ఒడ్డున ఒక్క పూట కూర్చోలేనన్నాడు. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. చిక్కుడుకాయల జల్లెడ పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీశాను. ఎంతమంది అని అడిగిన చోట ఇద్దరు అని నొక్కాను. నా భుజం మీదుగా తొంగి చూస్తున్న ఆయన ఊపిరి నా చెంపకు తగులుతోంది.

"ఆడ ఎసరు నేను పెడత" అన్నాడు.