బాప్తిస్మపు పుస్తకంలో లేని అక్క

తాండూరులో మా చర్చి పుస్తకాలన్నీ సంఘ పెద్దగా నాన్నే రాసేవాడు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు, ఏదీ వదిలేవాడు కాదు. ఆ పుస్తకాల మీద ఉన్న శ్రద్ధలో సగం ఇంటి మీద పెట్టి ఉంటే అమ్మ బతుకు ఇంకోలా ఉండేది. ఈ మాట ఆయన బతికుండగా అని ఉంటే నా వీపు విమానం మోత మోగేది.

నాకంటే ముందు ఒక అక్క పుట్టిందట. పోలీసు చర్య జరిగిన ఏడు అది. ఆ గడబిడలో వికారాబాద్ నుంచి పాస్టరుగారు నెలల తరబడి రాలేదు. ఇంతలో పసిదానికి జ్వరం ముదిరింది. ప్రాణం మీదికి వస్తే సంఘ పెద్ద ఎవరైనా నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇవ్వొచ్చని అందరికీ తెలుసు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నాన్న ముందు పెట్టి, నువ్వే చల్లు అని బతిమాలింది. పాస్టరు సంతకం లేనిదే పుస్తకంలో ఎక్కదు, జర ఆగమన్నాడట మహానుభావుడు. జ్వరం ఆగుతుందా?

బాప్తిస్మం లేని పిల్ల కాబట్టి సమాధుల పుస్తకంలోనూ రాయలేదు. నాపరాయి ఒకటి తెచ్చి పాతారు. దాని మీదా ఏమీ చెక్కలేదు. మాలో పేరు పెట్టేది బాప్తిస్మం రోజునే మరి. ఆ చెంబు మాత్రం మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉంది. దాంతో అమ్మ ఎవరికీ నీళ్ళు ఇచ్చేది కాదు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు పాత పుస్తకాలకు చెదలు పట్టాయి. నాన్న వాటిని కొత్త పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. చదివేది నేను, రాసేది ఆయన. అమ్మ పక్కనే చేటలో కందులు పోసుకుని రాళ్ళు ఏరేది. అలా చదువుతూ పోతుంటే అక్క పుట్టిన ఏడు వచ్చింది. ఎవరెవరి పిల్లలవో పేర్లు చదువుతున్నాను. నాన్న రాయడం ఆపి కళ్ళజోడు తీశాడు.

"ఆ పిల్లను గూడ రాద్దామే. తప్పు నాదే. నువ్వేదో పేరు అనుకుంటివి గద, ఏందది?"

నాన్న నోట తప్పు నాదే అన్న మాట మేమెవరమూ ఎన్నడూ వినలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, అయినా నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు. ఆమె చేట కూడా దించలేదు.

"గా పేరు దీనికి పెడితిమి గద. నువ్వే రాస్తివి."

నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. పోనీ ఇంకో పేరు రాద్దామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. వేరే పేరు పెడితే అది వేరేవాళ్ళ పిల్ల అవుతుందంది.

ఇంకొన్ని పేజీలు తిప్పాక నా పేరున్న వరుస వచ్చింది. దాని మీద వేలు పెట్టి ఆగిపోయాను.

"చదువు బిడ్డా," అంది అమ్మ. "జర గట్టిగ చదువు."

చదివాను. నాన్న చెయ్యి కదల్లేదు. కొత్త పుస్తకంలో ఆ పేరు నేనే రాశాను.