ఉజ్జయిని వేధశాలలో నాన్న

నాన్న రైలు ఇంజన్ నడిపేవాడు. మాది కాకినాడ వైపు నుంచి వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలో పాతుకుపోయిన క్రైస్తవ కుటుంబం. నేను ఆ ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో నర్సుని. నాన్నకి యాభై ఆరు నిండిన ఏడాది, రైల్వే పాసు మీద అమ్మతో కలిసి ముగ్గురం ఉజ్జయిని వెళ్ళాం. రాజుల కాలంలో ఆకాశాన్ని కొలవడానికి కట్టిన వేధశాల అక్కడుందని, ఎండే గడియారమని ఎవరో చెప్పారట. చూసి తీరాలన్నాడు. టైము అంటే ఆయనకి పిచ్చి. అన్నం ఐదు నిమిషాలు ఆలస్యమైతే అమ్మని "లేట్ రన్నింగ్" అని ఏడిపించేవాడు.

మెట్లున్న పెద్ద గోడ. దానికి రెండు పక్కలా వంపు తిరిగిన పాలరాయి, దాని మీద చెక్కిన గీతలూ అంకెలూ. గోడ నీడ ఏ గీత మీద పడితే అదీ వేళ. మన వాచీలకీ దానికీ తేడా ఉంటుందని గైడు ముందే చెప్పాడు. నీడ అంచు కాస్త మసగ్గా ఉంది గానీ, అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. పదీ నలభై.

"మీరు రైల్వే అన్నారుగా, మీరే చదవండి," అన్నాడు గైడు నాన్నతో, హిందీలో.

నాన్న వంగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నాకు వెటకారం ఎక్కువ. ఏడిపిద్దామని, "పదీ ఇరవై కదా నాన్నా," అన్నాను.

"పదీ ఇరవై," అన్నాడు నాన్న గైడుతో, హిందీలోనే, గట్టిగా, తడుముకోకుండా.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఇంజన్‌లో ఇద్దరుంటారు, నాన్నా, అసిస్టెంటూ. ఎదురుగా సిగ్నల్ రాగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు తమ కళ్ళతో చూసి తిరిగి చెప్పాలి. నాన్న ఇప్పుడు పలికింది అచ్చం ఆ గొంతుతోనే. కాకపోతే చూసి కాదు, విని.

ఊరందరి బీపీలూ షుగర్లూ చూసేదాన్ని, దీపం కిందే చీకటి. ఆయన పేపరు మానేసి టీవీ వార్తలు పట్టుకున్నా, చేప ముళ్ళు అమ్మ చేత తీయించుకుంటున్నా, గారాలనుకున్నాను.

ఒక చెట్టు కిందికి లాక్కెళ్ళి, వెనకే వచ్చిన అమ్మ ముందే అడిగాను. "ఎన్నాళ్ళ నించి?"

"దగ్గరివే కొంచెం మసక. దూరానివి పర్లేదు."

"సిగ్నల్ ముందు ఎవరు పలుకుతున్నారు?"

చేతి వాచీ అద్దాన్ని బొటనవేలితో తుడవసాగాడు.

"ఎవరు నాన్నా?"

"అసిస్టెంటే. అతని నజర్ పక్కా," అన్నాడు. "రిటైరవడానికి ఇంక నాలుగేళ్ళే కదమ్మా. మెడికల్ పరీక్షలో పోతే టేబుల్ ముందు కూచోబెడతారు. ముప్పై ఏళ్ళు బండి నడిపినోణ్ణి, కాగితాలు సర్దుకోమంటావా?"

"నీ వెనకాల వెయ్యి మంది ఉంటారు! నువ్వు విని నడుపుతున్నావని వాళ్ళకి తెలుసా?"

జాలి పడాల్సిన చోట అరిచాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను. కానీ ఆయన తల దించుకుని చెప్పుల వైపు చూసిన చూపు తలుచుకుంటే మాత్రం ఏడుపొస్తుంది.

మధ్యాహ్నం ముగ్గురం అన్నం కెలికి వదిలేశాం. సాయంత్రం తిరుగు బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. ఎక్కే ముందు ఇంజన్ దాకా వెళ్ళి డ్రైవర్ని పలకరించి రావడం నాన్నకి అలవాటు. వెళ్ళొచ్చాడు. అమ్మ అప్పటికే బోగీలోకి ఎక్కేసింది. నేను మెట్టు మీద కాలు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ ఇంజన్‌లో నాలాంటోడు ఉండుంటే, మీ ఇద్దర్నీ ఈ బండి ఎక్కనిచ్చేవాణ్ణి కాదమ్మా," అన్నాడు.

రాయపూర్‌లో దిగాక ఇంటికి రాలేదు. సంచులు మాకప్పగించి, డ్యూటీలు వేసే ఆఫీసు వైపు నడిచాడు. నేను వెనకే వెళ్ళబోతే అమ్మ నా భుజం పట్టి ఆపింది.

"నువ్వు పక్కనుంటే నువ్వన్నదే తిరిగి అంటాడు," అంది. "ఒక్కణ్ణే చెప్పుకోనీ."