నగేష్ రాయి వేషం

క్షణం నోరు మూయని మనిషి, నిద్రలో కూడా ప్లాట్ల గురించే మాట్లాడతాడని భార్య చెప్పే మనిషి, రాయి వేషమే కావాలని ఎందుకు పట్టుబట్టాడు? నాకిప్పటికీ అంతుపట్టలేదు.

నగేష్ ఒకప్పుడు దుండిగల్ దారిలో షేర్ ఆటో నడిపేవాడు. ఎక్కినవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ప్లాట్లు అమ్మిపెట్టే పనిలోకి జారాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు.

షామీర్‌పేట దగ్గర మూతబడ్డ కోళ్ల ఫారాన్ని అశ్రిత అనే అమ్మాయి ఆర్ట్ గ్యాలరీ చేసింది. గోడలకు చిత్రాలు, ఓ మూల కుమ్మరి సారె, నడుమ నాటకాలకూ నాట్యానికీ ఖాళీ నేల. పుస్తకాల అలమర పక్కన, వాటిని చూసుకునే నాకో కుర్చీ. గేటు మీద 'కమ్యూనిటీ కల్చరల్ స్పేస్' అని రాయించింది. ఆ చివరి మాట చూసి నగేష్ బండి ఆపాడు.

"అమ్మా, గీ స్పేసు కిరాయికిస్తరా, అమ్ముతరా?"

"రెండూ కాదన్నా. ఇది అందరిది."

"అందరిదంటే మస్తు లిటిగేషన్ ఉంటది గదా" అని దిగులుగా కూర్చున్నాడు. చాయ్ ఇచ్చారు. ఎదుటి గోడకు రంగురంగుల చదరాల చిత్రం. "లేఅవుట్ మంచిగున్నది. ఈశాన్యం బిట్టు అమ్ముడువోయిందా?" అని అడిగాడు. అశ్రిత నవ్వాపుకోలేక అలమర వెనక్కి పోయింది.

అప్పుడక్కడ పిల్లలు నాటకం నేర్చుకుంటున్నారు. ఊరి బండరాళ్లను పేల్చొద్దనే కథ. రాయి ఊపిరి తీసుకుంటున్నట్టు కనిపించాలి కాబట్టి దానికో మనిషి కావాలి. "నేనుంట" అన్నాడు నగేష్.

మొదటి రిహార్సల్లోనే బూడిదరంగు గుడ్డ కిందినుంచి "రోడ్ ఫేసింగు" అని వినబడింది. మర్నాడు పిట్ట వేషం కట్టిన స్నిగ్ధ రాయి మీద వాలితే, "బిడ్డా, మీ నాయినకు ప్లాటున్నదా?" అని అడిగింది రాయి. పిట్ట నవ్వి నవ్వి కింద పడింది. అశ్రిత ఓ థర్మాకోల్ రాయి తెప్పించి మూలన పెట్టింది.

"నగేషన్నా, నాటకంల ఒక్క మాట మాట్లాడినా వేషం దానిది."

"అశ్రితమ్మా, గట్లనకు. గీ రాయి నాది." ఏ ప్లాటు కోసమూ అతను అంతగా బతిమాలడం నేను చూడలేదు.

ప్రదర్శన నాడు ఫారం నిండిపోయింది. ముందు వరుసలో అతని భార్య ప్రియాంక, ఆమె ఒళ్లో అతని రెండు ఫోన్లు. సగం నాటకంలో ఒకటి మోగింది. ప్రియాంక ఎత్తి విని, రాయిని పిలిచింది.

"ఏందయ్యా, అల్వాల్ సారు. ఇప్పుడే వస్తె ప్లాటు ఖాయం జేస్తడంట."

రాయి కదలలేదు. గుడ్డ అంచున ఓ బొటనవేలు మాత్రం తెగ ఆడింది.

"నిన్నే. జల్దీ చెప్పు."

పిల్లలు తమ మాటలు మరిచి రాయినే చూశారు. అశ్రిత కళ్లు మూసుకుంది. ప్రియాంక కాసేపు ఆ బొటనవేలిని చూసి, ఫోను మళ్లీ చెవికి పెట్టుకుంది.

"సార్, మా ఆయన గిప్పుడు రాయి అయిండు. మల్ల మనిషైనంక మాట్లాడుతడు."

ఫారమంతా గొల్లున నవ్వింది. నా కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డాయి. పిట్ట పకపకలాడుతూనే వచ్చి వాలింది. గుడ్డ కింద రాయి నవ్వుతో ఎగిరెగిరి పడుతోంది, కానీ చప్పుడు లేదు.

నాటకం ముగియగానే అందరూ చుట్టుముట్టారు. "గెలిచినవన్నా, ఇగ మాట్లాడు" అంది అశ్రిత. నగేష్ నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. గుడ్డ మెడకు చుట్టుకుని బయటికి నడిచి బండి తీశాడు. "ఆగయ్యా, నన్నెక్కించుకో" అంటూ ప్రియాంక పరుగెత్తి వెనక ఎక్కింది. వస్తానని ఒక్కరికీ చెప్పకుండా, కనీసం తల కూడా ఊపకుండా, అతను అల్వాల్ దారి వదిలేసి బండిని మేడ్చల్ వైపు తిప్పాడు.