దోమతెర సంచి

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. అప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. జగిత్యాలలో బస్సెక్కే ముందు పూలదండ కొన్నాను. చేతిలో సంచి లేదు. పూలాయన ప్లాస్టిక్ కవర్లో వేసిచ్చాడు. దారంతా ఒళ్లో ఆ కవరు గరగరలాడుతూనే ఉంది.

అత్త కవరు ముట్టేది కాదు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. మామ నడిపే సాంచాల దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో సంచులు కుట్టి భుజాన వేసుకునేది. అది నక్సలైట్ల కాలం. భుజాన గుడ్డసంచి కనబడితే అన్నలకు ఏదో మోస్తున్నారని పోలీసులకు అనుమానం. బస్సులు ఆపి దింపేవారు. అత్తవాళ్ల వాడలో ఒకాయనను అలాగే తీసుకుపోతే చాలా రోజులకు గానీ ఇల్లు చేరలేదు. ఆ భయంతో మామకు అన్నం సయించేది కాదు.

"గా గుడ్డసంచి ఇడ్సిపెట్టవే. కవర్ల తెచ్చుకుంటె లోపటిది కనబడ్తది, ఎవ్వలడుగరు," అని బతిమాలేవాడు.

"ఒక్కపూట సుఖానికి గా చెత్తంత ఏడ పెడ్తవు? దినాం పారేసుడు నాతోని కాదు," అనేది అత్త. అలాగని ఆమెకు భయం లేదనుకోకండి. బస్సు కాస్త మెల్లగైతే చాలు, అప్పటికి చిన్నపిల్లనైన నా చేయి గట్టిగా పట్టుకునేది.

ఒకనాడు చిరిగిన దోమతెర కత్తిరించి సంచి కుట్టింది. ఉల్లిగడ్డలు, సబ్బుబిళ్ల, అన్నీ బయటికే కనబడేవి. నన్ను కోరుట్లలో మా ఇంట్లో దింపడానికి వస్తుంటే బస్సు ఆపారు. పోలీసాయన ఆ సంచిని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇదేం సంచమ్మా?"

"మీకు ఇప్పే తిప్పల లేకుంట కుట్టిన, సారూ."

ఆయన నవ్వి ఇచ్చేశాడు. అత్త చేయి మాత్రం మా ఊరు వచ్చేదాకా వణుకుతూనే ఉంది. ఆమెను తలచుకుంటే నాకు ఆ జవాబు కన్నా ఆ వణుకే ముందు గుర్తొస్తుంది. భయపడుతూ కూడా తన పద్ధతి వదలకుండా ఉండొచ్చని నేను చూసింది ఆమె దగ్గరే.

ఇప్పుడు నా బస్సును ఎవరూ ఆపరు. ఏ సంచి వేసుకున్నా అడిగేవారు లేరు. అయినా మరిచి బయలుదేరతాను, కవర్లు మోసుకొస్తాను, తలుపు వెనక పోగు చూసి చిరాకు పడతాను. నాకేం అడ్డం, బద్ధకం తప్ప?

అత్తకు దండ వేశాక ఖాళీ కవరు చేతిలో మిగిలింది. పడేద్దామంటే ఆ ఇంట్లో చెత్తబుట్టే కనబడలేదు. మేకుకు అదే పాత దోమతెర సంచి వేలాడుతోంది. అతుకుల మధ్యనుంచి మొలకెత్తిన ఉల్లిగడ్డలు పచ్చగా కనబడుతున్నాయి. అందరూ ఏడుస్తున్నారు. నేను చెంగుతో కళ్లు తుడుచుకోబోతే, పిడికిలిలో కవరు గరగరమంది.