మందు కలపని గొట్టాలు

ఎనభైలలో మదనపల్లెలో ఓ చిన్న ల్యాబులో పనిచేసేవాణ్ణి. జలుబుకూ దురదకూ వాడే అలర్జీ మందు క్షయ క్రిములను కూడా ఆపుతుందేమో చూడాలని మా డాక్టరుగారి పట్టుదల. అది చవకైన మందు. నిజంగా పనిచేస్తే కుప్పం దాకా ఎంతమంది రోగులకు మేలో అని నాకూ ఆశ పుట్టింది.

క్షయ క్రిములు మహా మందకొడివి. గుడ్ల సొనతో మేత తయారుచేసి, గాజు గొట్టాల్లో పోసి, క్రిములను నాటి ఆరు వారాలు ఎదురుచూడాలి. సగం గొట్టాల్లో అలర్జీ మందు కలిపాం, సగంలో కలపలేదు. కలపనివాటిలో క్రిములు పెరగాలి. అప్పుడే పోలిక.

గుడ్లు నిమ్మనపల్లె నుంచి ఒక అక్క తెచ్చేది. ఆమెకూ క్షయే. గుడ్లు మాకిచ్చి, ఆస్పత్రిలో నెలకు సరిపడా మాత్రలు తీసుకుని వెళ్లేది.

ఆరో వారం చూస్తే మందు కలిపిన గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. ఎగిరి గంతేశాను. తర్వాత మందు కలపనివి చూశాను. అవీ శుభ్రమే! మళ్లీ చేశాం, మళ్లీ అంతే. నెలల పని బూడిదలో పోసిన పన్నీరైంది. పుంగనూరు సంత గుడ్లతో చేస్తే మాత్రం రెండు వరసల్లోనూ క్రిములు దట్టంగా పెరిగాయి. అలర్జీ మందు వాటిని ఏమీ చేయలేదు. తప్పంతా అక్క గుడ్లలోనే ఉందన్నమాట.

నాకసలే ముక్కు మీద కోపం. ఆమె రాగానే అరిచాను. "అక్కా, కోళ్లకు ఏం పెడతాండావు?"

"యాలప్పా అట్ల అరుస్తావు? గురక రోగమొచ్చి కోళ్లు సచ్చిపోతా ఉండె. నా మాత్రలు దగ్గుకే కదా అని నూరి నీళ్లల్లో పోస్తాండా."

మా గొట్టాల్లో క్రిములను పెరగనీయనిది గుడ్లలోకి దిగిన ఆ మందే.

"మరి నువ్వేం మింగుతాండావు?"

"నాదేముందప్పా? కోళ్లుంటేనే కదా ఇల్లు నడిచేది."

ఆ మాట అంటూనే దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుంది. నాకు సిగ్గేసింది. ఇన్ని నెలలూ ఆమె నా ఎదుటే దగ్గుతూ, చిక్కిపోతూ ఉంటే నేను గుడ్లు పగిలాయా లేదా అనే చూశాను.

డాక్టరుగారు వైద్యం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. వారం వారం మాత్రలకు వచ్చినప్పుడు ఆ రోజువి నా ముందే మింగమనేవాణ్ణి. "నోరు తెరిసి సూపించాల్నా అప్పా?" అని ఎగతాళి చేసేది.

ఏడాదిన్నర తర్వాత ఆమె కఫాన్ని పరీక్షకు నాటాం. పక్కనున్న రోగుల గొట్టాల్లో క్రిములు పెరిగాయి. ఆమె గొట్టం ఆరు వారాలైనా, ఎనిమిది వారాలైనా ఖాళీగానే ఉంది. కిటికీ దగ్గర పెట్టి చూశాను, తిప్పి తిప్పి చూశాను. కళ్లు చెమర్చాయి.

ఆ మేతకు వాడిన గుడ్లు సంతవే.