మెడలో వేసుకునే గుండె బొమ్మ

మొన్న ఆదివారం మా పక్కవాటాలో ఉండే అమ్మాయి, ఈ మధ్యనే టీచరు ఉద్యోగంలో చేరిన పిల్ల, ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుని మర్నాటి పాఠం కోసం వెతికి పెట్టుకున్న మనిషి గుండె బొమ్మ చూపించింది. వేలితో తిప్పితే తిరుగుతోంది, నొక్కితే నెత్తురు ఎటునుంచి ఎటు పోతుందో కదిలి చూపిస్తోంది, తెలుగులో వివరం కూడా చెబుతోంది. ఇదెక్కడ కొన్నావే అంటే, "కొనేదేంది పెద్దమ్మా, అంతా ఫ్రీ. ఏ టీచరైనా తీసుకోవచ్చు," అంది. బాగుందన్నాను, నిజంగానే బాగుంది. కానీ ఆ పిల్ల వెళ్ళాక కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయి అంటే సొంత బాబాయి కాదు, మా నాన్న వైపు దూరపు చుట్టం. గురజాలలో హైస్కూలు డ్రాయింగు మాస్టరు. నాకు మొదటి పోస్టింగు దాచేపల్లి దగ్గర ఒక పల్లెలో వచ్చింది. రోడ్డు పక్క బడి, సిమెంటు లారీలు పోయినప్పుడల్లా లేచే దుమ్ము పిల్లల పలకల మీదా నల్లబల్ల మీదా సమానంగా పడేది. ఆ బడిలో సైన్సు చెప్పడానికి నాకున్నది సుద్దముక్క ఒక్కటే, బొమ్మలు వేయడం చేతకాకపోయినా మనిషి ఛాతీ గీసి, గుండె ఎక్కడుంటుందో పెట్టి, ఎంతో గర్వంగా పాఠం ముగించాను. తర్వాతి వారం తనిఖీకి వచ్చిన అధికారి గుండె ఎక్కడుందో చూపించమంటే క్లాసంతా ఒక్కసారిగా కుడిచెయ్యి ఎత్తి కుడివైపే ఛాతీ మీద పెట్టుకున్నారు. బొమ్మ వాళ్ళకు ఎదురుగా ఉంది కదా, బల్ల మీద ఏ వైపు కనిపిస్తే తమ ఒంట్లోనూ ఆ వైపే ఉంటుందనుకున్నారు పాపం. ఆయన నవ్వాడు, తర్వాత రిజిస్టరులో నా మీద నాలుగు ముక్కలు రాసి వెళ్ళాడు.

ఆ సాయంత్రం గురజాల బస్సులో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటే బాబాయి చూశాడు. సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. పది రోజుల తర్వాత ముతక తెల్లగుడ్డ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని మీద రంగులతో గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాలు వేసి, పైన రెండు నాడాలు కుట్టించాడు. పిల్ల మెడలో కడితే గుండె సరిగ్గా గుండె దగ్గరకు వచ్చేది. "ఇప్పుడు తప్పుతారేమో చూద్దాం అమ్మాయ్," అన్నాడు. తప్పలేదు. ఆ ఏడాది ఆ గుడ్డ కట్టుకోవడం కోసం పిల్లలు వంతులు వేసుకునేవాళ్ళు.

తర్వాత ఆయన చెవి వేశాడు, కన్ను వేశాడు, కృష్ణానది పుట్టుక నుంచి సముద్రం దాకా పొడుగాటి గుడ్డ మీద వేశాడు. మాచర్ల నుంచి పెదకూరపాడు దాకా ఏ టీచరు అడిగినా చుట్టచుట్టి బస్సు కండక్టరుకిచ్చి పంపేవాడు. అడిగినవాళ్ళకు ఒకటే షరతు, పాఠం అయ్యాక గుడ్డ వెనకవైపు ఏ పిల్లకు ఎక్కడ అర్థం కాలేదో రాసి పంపాలి. వెనకంతా అట్లా నిండిపోయింది, ఎవరెవరి చేతిరాతలో. ఒక పిల్ల నెత్తురు నీలంగా ఉంటుందా అని అడిగిందట, అది చదివి ఆయన నీలంరంగు వేసిన నాళం పక్కన చిన్న అక్షరాలతో కొత్తగా వివరం రాశాడు.

ఏళ్ళు గడిచాయి. బాబాయి రిటైరవుతూ ఆ గుడ్డలన్నీ ట్రంకు పెట్టెలో సర్ది, నేను ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న బడికి పంపించాడు, అక్కడ నా చేతిలో ఉంటే పదిమందికి అందుతాయని. కొన్నాళ్ళు అందించాను కూడా. తర్వాత మాకు గోడంత టీవీ వచ్చింది, దాంతోపాటు పాఠాలన్నీ ఊరికే వచ్చాయి. దానికి గది ఖాళీ చేయాల్సి వచ్చి పెట్టె వరండాలో పెట్టించాను. ఒక వాన కురిసింది, చెదలు పట్టాయి. మా ఆయా వచ్చి, బాగున్నంత మేరకు ఉతికి బోర్డు తుడిచే గుడ్డలుగా కత్తిరించమంటారా అమ్మా అని అడిగితే, కొత్త టీవీ కాగితాలు చదువుతూ తలెత్తకుండానే సరేనన్నాను. ఆ సరే అన్నది నేనే, ఇంకెవరూ కాదు.

మరుసటి ఏడు బాబాయి కర్ర పట్టుకుని బడికొచ్చాడు. చూపు దాదాపు పోయింది. గుడ్డల వెనక టీచర్లు రాసినవన్నీ ఎవరిచేతైనా చదివించుకుని, కొత్తగా వచ్చే టీచర్ల కోసం ఒక పుస్తకంగా రాయించాలని ఉందని చెప్పాడు. నా బల్ల మీద సుద్దపొడి అంటిన గుడ్డముక్క ఉంది, దాని మీద ఎర్ర నాళం సగం కనిపిస్తోంది. ఆయనకు కనపడదని తెలిసి కూడా దాన్ని హాజరు పుస్తకం కింద దాచాను. వినుకొండ వైపు బళ్ళకు పంపాను, ఇంకా తిరిగి రాలేదన్నాను.

ఆయన మొహం వెలిగింది. "ఇంకా తిరుగుతుండాయా? చానా సంతోషం తల్లీ. తొందరేం లేదు, వాళ్ళని వాడుకోనీ," అన్నాడు.

ఆ తర్వాత మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఒక్కో ఊరి పేరు చెప్పాను. నిజం చెప్పాలని బయల్దేరి, గురజాల బస్టాండులో దిగి, తిరుగుబస్సు ఎక్కిన రోజు కూడా ఉంది. ఆయన పోయిన పదోరోజున వెళితే కోడలు నన్ను పక్కకు పిలిచి, "మామయ్య చివర్లో కూడా అదే మాటండీ, నా గుడ్డలు ఇంకా బళ్ళల్లో తిరుగుతుండాయని వచ్చినోళ్ళకల్లా చెప్పాడు," అంది. నేను అన్నం ముందు కూర్చున్నానేగానీ తినలేకపోయాను.

ఇప్పుడు టీచర్లకు దేనికీ కరువు లేదు. ఫోను పగిలిపోయినా, టీవీ కాలిపోయినా అదే పాఠం మళ్ళీ అరనిమిషంలో దొరుకుతుంది, మా కాలంలో ఆ వసతి ఉంటే ఎంతమంది పిల్లలు బాగుపడేవాళ్ళో అని నాకూ అనిపిస్తుంది. కాకపోతే అప్పటి వస్తువు పోతే పోయినట్టే, అందుకే ఎవరో ఒకరు దాన్ని కాపాడాల్సి వచ్చేది. ఆ ఎవరో ఒకరు నేను కావలసి ఉండగా, కాలేదు. ఈ మాట బాబాయికి చెప్పాల్సింది, మీకు చెప్పుకుంటున్నాను.