మామిడి గిన్నె, జిట్రేగి అంచు

మొన్న బోధన్ రోడ్డులో కోత మిషన్ ముందు స్కూటీ ఆపేశాను. లోపల మామిడి దుంగను కోస్తున్నారు. పచ్చి పొట్టు వాసన పులుపూ తీపీ కలిసి రోడ్డు మీదికి వస్తోంది. వెనక చెరకు ట్రాక్టర్ వాడు హారన్ కొడుతున్నా నాకు కదలబుద్ధి కాలేదు. ఆ వాసన తగిలితే నాకు నర్సయ్య కాక గుర్తొస్తాడు. ఆయన వెంటే కోపమూ వస్తుంది. కాక పోయి ఆరేళ్లు దాటింది. కోపం పోలేదు.

కాకను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి. ముంజేతుల మీది వెంట్రుకలు ఎప్పుడూ కట్టె పొడితో తెల్లగా ఉండేవి. బోధన్ వైపు ఒక చెరకు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా పని చేశాడు. ఇనుప చక్రం పోత పోయాలంటే ముందు అచ్చం అలాంటిదే చెక్కతో చేయాలి. ఆ నమూనాలు చేయడం ఆయన పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రం తిరగదు. అలాంటి చేతులు, ఫ్యాక్టరీ మూతపడ్డాక, నిజామాబాద్‌లో ఒక ఫర్నిచర్ కార్ఖానాలో మంచం కోళ్లకు ఖరాదు పట్టాయి. ఖరాదు మిషన్ కట్టెను గిర్రున తిప్పుతుంటే దానికి ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుతారు. అదే కార్ఖానాలో నేను సాండ్‌పేపర్‌తో కట్టె రుద్దే పనికి కుదిరాను. మా ఆయనా ఆ ఫ్యాక్టరీలో సీజను పని చేసినవాడే. అది పోయాకే మేం నిజామాబాద్ వచ్చాం.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన నన్ను మిషన్ దగ్గరికి పిలిచాడు. రోజూ నేను రుద్దడం మానేసి ఆయన ఉలి వంకే చూస్తుండటం గమనించాడట.

“ఉలి పడ్తవా బిడ్డా?”

“సేటు సూస్తె ఊకోడు కాకా.”

“సేటు సంగతి నేను సూస్కుంట. ఉలిని గట్టిగ వట్టకు. పండుకున్న పిల్ల మీద చెయ్యి ఏస్తం సూడు, గట్ల ఉండాలె.”

సేటు చూడనే చూశాడు. “ఆడోళ్లకు మిషనెందుకు నర్సయ్యా? కొంగు సుట్టుకుంటె నా మెడకొస్తది” అన్నాడు. కాక మిషన్ ఆపకుండానే, “ఆమె కొంగు దోపుకుంటది సేటూ. నీ మెడల తువ్వాల జర పైలం” అన్నాడు. కార్ఖానా అంతా నవ్వింది. ఆ రోజు నుంచి అన్నం వేళ అరగంట నాకు చదువైంది. ఉలి జారి కోడు పాడైతే తిట్టేవాడు కాదు. పాడైనది నా చేతికిచ్చి, ఎక్కడ తప్పానో నా నోటితోనే చెప్పించేవాడు.

నా కోపానికి మూలమైన గిన్నె ఆ అరగంటల్లోనే తయారైంది. ఏర్గట్ల వైపు రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేసిన మామిడి చెట్టు దుంగ ఒకటి కార్ఖానాకు వచ్చింది. మంచాలకు పనికిరాదని మూలన పడేశారు. కాక దాన్ని మందంగా గిన్నెలా చెక్కి, దాని పొట్టుతోనే సంచి నింపి, అందులో పాతిపెట్టాడు. వానాకాలమంతా అలాగే ఉంచాడు. తొందరపడితే మామిడి పగులుతుందట. ఈలోగా విరిగిన పాత మంచం తలాపు చెక్క నుంచి నల్లటి జిట్రేగి కట్టె ముక్కలు ఎనిమిది కోశాడు. వాటిని కొసకు కొస కలిపి వలయం చేశాడు. గిన్నె మూతినీ వలయాన్నీ అద్దంలా చదును చేసి, జిగురు పెట్టి, రెండు రోజులు బరువు కింద ఉంచాడు. తర్వాత మిషన్‌కు ఎక్కించి, ఉలి నా చేతికిచ్చాడు.

“అంచు నువ్వు వట్టు.”

“కాకా, పాడైతే?”

“పాడైతె ఇంకో వానకాలం రాదా ఏంది?”

పట్టాను. లేత పసుపు గిన్నె మీద నల్లటి అంచు మెల్లగా తేలింది. ఆయన కళ్లు మూసుకుని అతుకు మీద గోరు నడిపాడు. “రెండు కట్టెలు ఒక్కటైనయా లేదా అన్నది కన్ను చెప్పది, గోరే చెప్తది” అన్నాడు. నా గోరుకు కూడా ఎక్కడా తట్టలేదు.

జిల్లాలో చేతిపనుల ప్రదర్శన పెడితే సేటు ఆ గిన్నె తీసుకుపోయాడు. దానికి బహుమతి వచ్చింది. శాలువా కప్పించుకున్నది సేటు అల్లుడు. గిన్నె ముందు కార్డు మీదా, సర్టిఫికెట్ మీదా అతని పేరే. అతను జీవితంలో ఉలి పట్టలేదు. మరునాడు పేపర్లో ఫొటో పడింది. కింద ‘రంగు వేసిన అంచుతో ఆకట్టుకున్న గిన్నె’ అని రాశారు. చాయ్ హోటల్ ముందు నిలబడి కాక ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

“పేరు రాయకుంటె రాయకపాయిరి. రంగంటరా స్వరూపా? గది రంగా?”

నేను తిన్నగా సేటు దగ్గరికి పోయాను. “గిన్నె కాకది. ఆయన పేరెందుకు లేదు?” అన్నాను.

“కట్టె నాది. మిషన్ నాది. కరెంటు నాది. ఇగ గిన్నె ఎవలిది?”

“చెయ్యి?”

“కార్ఖానాల ఉన్నంతసేపు చెయ్యి కూడ నాదే” అన్నాడు, నవ్వుతూ.

ఆ నవ్వు ఈ రోజుకీ నాకు మంట. కానీ ఆనాడు అంతకంటే ఎక్కువ కోపం కాక మీద వచ్చింది. ఒక్క మాటా అనకుండా మంచం కోళ్లు చెక్కుకుంటున్నాడు. “నీకు సిగ్గనిపిస్తలేదా కాకా?” అని అడిగేశాను. ఆయన ఇంకో కోడు మిషన్‌కు ఎక్కించాడు. అలా అడిగినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నెల తర్వాత ఒక కాలేజీ వాళ్లు పిల్లలకు ఆ పని చూపించమని సేటును అడిగారు. మిషన్ కూడా అక్కడికే చేర్చారు. అల్లుడు మైకులో మాట్లాడాలి, కాక వెనక నిలబడి చెక్కాలి, ఎవరైనా అడిగితే కూలీనని చెప్పాలి, ఇదీ సేటు ఏర్పాటు. కాక తలూపి, నన్నూ వెంట తీసుకుపోయాడు. మధ్యలో ఒక అమ్మాయి లేచి, అంచు ఊడిపోకుండా ఎలా ఉంటుందని అడిగింది. అల్లుడు తడుముకోకుండా, ఫారిన్ జిగురు వాడతామని చెప్పాడు.

కాక మిషన్ ఆపాడు.

“తప్పు చెప్తుండు బిడ్డా. జిగురు మామూలుదే. మామిడి పచ్చిగుంటె ఏ దేశం జిగురు వెట్టినా అంచు ఊడ్తది. వానకాలమంత ఆగినం, గందుకే నిలవడ్డది. గిన్నె నేను చేసిన. అంచు పట్టింది ఈమె. పేరు స్వరూప.”

గొంతు పెంచలేదు. తన పేరు చెప్పుకోవడం మరిచి నా పేరు చెప్పాడు. నేనే లేచి, “ఈయన పేరు నర్సయ్య” అని అరిచినట్టే చెప్పాను. సాయంత్రానికి ఇద్దరి పనీ పోయింది.

కాక బోధన్ తిరిగిపోయాడు. మళ్లీ ఏ మిషన్ దగ్గరా ఆయనను నిలబడనివ్వలేదు. సేటు మాట మా కంటే ముందే అన్ని కార్ఖానాలకూ చేరింది. అంత పనిమంతుడు చివరి ఏళ్లు ఒక గోదాము గేటు దగ్గర కుర్చీలో కూర్చుని గడిపాడు. అది తలచుకుంటే నాకు అన్నం సహించదు. నేను కొన్నేళ్లకు పాత ఖరాదు మిషన్ ఒకటి కొని, ఇంటి ముందు రేకుల షెడ్డులో పెట్టుకున్నాను. ఇప్పుడు నలుగురు ఆడవాళ్లు పని చేస్తున్నారు. ఎవరు చెక్కిన గిన్నె అడుగున వాళ్ల పేరే ఉంటుంది. ఆ గిన్నె మాత్రం ఇప్పటికీ సేటు షోరూంలో, అద్దాల వెనక, అల్లుడి పేరుతోనే ఉంది.

బహుమతి ఇచ్చిన ఆఫీసుకు మూడుసార్లు దరఖాస్తు పెట్టాను, పేరు సరిచేయమని. మూడోసారి అక్కడి గుమాస్తా విసుక్కున్నాడు.

“ఆయన సచ్చిపోయిండు గద అక్కా. ఇప్పుడు పేరు మారిస్తె ఎవలికి లాభం?”

“ఆయన పోయిండు తమ్మీ. గిన్నె ఉన్నది గద.”

కాగితం తీసుకున్నాడు, అందినట్టు ముద్ర మాత్రం వేయలేదు. పోనీయ్, పాత ముచ్చట అని మా ఆయన కూడా అంటాడు. పాతదైతే తప్పు ఒప్పవుతుందా? పని ఎలా చేయాలో కాక నాకు చూపించాడు. ఎదురుతిరగడం కూడా ఆయనే చూపించాడు, జీవితంలో ఒక్కసారే అయినా. నాకు ఒక్కసారి సరిపోవడం లేదు. నాలుగో దరఖాస్తు నిన్న రాశాను. సోమవారం ఆఫీసు తెరిచే వేళకు అక్కడ ఉంటాను.